బెంచీ మీద బాకీ

2021 మే 2న ఢిల్లీలో సన్‌రైజర్స్ హైదరాబాద్‌కీ రాజస్థాన్ రాయల్స్‌కీ మ్యాచ్. ముందురోజే డేవిడ్ వార్నర్‌ని కెప్టెన్సీ నుంచి తప్పించి కేన్ విలియమ్సన్‌కి ఇచ్చారు. మ్యాచ్ రోజు చూస్తే వార్నర్ పదకొండు మందిలో కూడా లేడు. డ్రింక్స్ మోసే వాళ్లలో ఉన్నాడు. అవతల జోస్ బట్లర్ 124 కొట్టాడు, మనవాళ్లు 55 పరుగుల తేడాతో ఓడిపోయారు. రెండ్రోజుల తర్వాత కోవిడ్ వల్ల టోర్నమెంటే ఆగిపోయింది.

"మనవాళ్లు" అన్నాను కదా, దాని గురించి ఒక మాట. ఏలూరులో, తాడేపల్లిగూడెంలో, కైకలూరులో పెరిగిన నాలాంటివాళ్లకి ఐపీఎల్‌లో సొంత టీమ్ అంటూ ఏదీ లేదు. రాష్ట్రం విడిపోయినా హైదరాబాద్ టీమే మన టీమ్. ఓనర్లు చెన్నై వాళ్లు, అప్పటి కెప్టెన్ ఆస్ట్రేలియావాడు, అతని తర్వాతి కెప్టెన్ న్యూజిలాండ్‌వాడు. అయినా అది మనదే. 2020 లాక్‌డౌన్‌లో వార్నర్ ఇంట్లోవాళ్లతో కలిసి బుట్టబొమ్మ పాటకి డాన్స్ చేశాక ఆ "మన" అనే మాట ఇంకాస్త గట్టిపడింది. మావైపు కుర్రాళ్లు అతన్ని వార్నర్ అన్న అనే పిలిచేవాళ్లు. అన్న అని పిలిచినవాణ్ణి నడి సీజన్‌లో బెంచీ మీద కూర్చోబెడితే అది వట్టి క్రికెట్ వార్తగా మిగలదు. అందుకే ఈ వ్యాసం.

ప్రశ్న సూటిగా ఇదీ: టీమ్ వరసగా ఓడిపోతున్నప్పుడు, ఇన్నాళ్లూ ఆ టీమ్‌ని మోసిన సీనియర్లని వదిలించుకోవడం తప్పా? తప్పయితే ఎందులో ఉంది ఆ తప్పు?

అమెరికాలో బేస్‌బాల్ టీములకి ఈ ప్రశ్న ఏటా జులై నెలాఖరులో ఎదురవుతుంది. అక్కడ ట్రేడ్ గడువు అని ఒకటుంటుంది. సీజన్ సగం దాటాక, ఇక ఈ ఏడాది మనం గెలవం అనిపించిన టీమ్ తన సీనియర్లని గెలిచే టీములకి ఇచ్చేసి, బదులుగా ఇంకా పేరు రాని కుర్రాళ్లని తెచ్చుకుంటుంది. ఆటగాడు పొద్దున ఒక ఊళ్లో నిద్ర లేచి, రాత్రికి ఇంకో ఊరి జెర్సీ వేసుకోవచ్చు. ఐపీఎల్‌లో ట్రేడ్‌లు ఎక్కువగా సీజన్‌కీ సీజన్‌కీ మధ్య జరుగుతాయి. 2020లో సీజన్ మధ్యలో కూడా బదిలీకి వీలిచ్చారు గానీ, పేరున్నవాళ్లెవరూ అలా చేతులు మారలేదు. కాబట్టి మన దగ్గర ఆ పని చేసిపెట్టేది బెంచీ. మనిషి అదే జెర్సీలో ఉంటాడు, టీమ్‌లో మాత్రం ఉండడు.

ముందు లెక్కలు చూద్దాం. ఇంజనీరింగ్ చదివినవాడికి అదో జబ్బు.

2021లో తప్పించే నాటికి వార్నర్ ఆరు మ్యాచ్‌లు ఆడాడు. స్కోర్లు వరసగా 3, 54, 36, 37, 6, 57. మొత్తం 193. టీమ్ ఆరింటిలో ఒక్కటే గెలిచింది. చివరిది ఏప్రిల్ 28న చెన్నై మీద ఆడిన మ్యాచ్. ఆ 57 కొట్టడానికి 55 బంతులు తీసుకున్నాడు. టీ20లో అది చాలా నెమ్మది. మ్యాచ్ అయ్యాక ఆ నెమ్మదికి బాధ్యత నాదే అని అతనే ఒప్పుకున్నాడు కూడా. ఇదీ ఒకవైపు కాగితం.

రెండోవైపు కాగితం: 2014 నుంచి 2020 వరకు అతను ఈ టీమ్‌కి ఆడిన ప్రతి సీజన్‌లోనూ 500 దాటాడు. 2018లో నిషేధం వల్ల ఆడలేదు. 2015, 2017, 2019లలో ఆరెంజ్ క్యాప్. 2016లో 848 పరుగులు, బెంగళూరులో జరిగిన ఫైనల్లో 38 బంతుల్లో 69, టీమ్‌కి మొదటి కప్పు.

ఆరు ఇన్నింగ్స్ చూసి ఒక బ్యాట్స్‌మన్ పనైపోయిందని చెప్పడం, రెండ్రోజుల సర్వర్ లాగ్స్ చూసి ఆర్కిటెక్చర్ మొత్తం మార్చేద్దాం అనడం లాంటిది. అంత తక్కువ డేటాలో దురదృష్టం ఎంతో, తరుగుదల ఎంతో విడదీయలేం. అదే ఏడాది నవంబరులో టీ20 ప్రపంచ కప్పు ఆస్ట్రేలియా గెలిచింది. 289 పరుగులతో ప్లేయర్ ఆఫ్ ది టోర్నమెంట్ వార్నరే. ఇంతకంటే రుజువేం కావాలి అని అప్పట్లో మా వాట్సాప్ గ్రూపులో గోల గోల.

కానీ ఈ రుజువు మీద నాకు నమ్మకం లేదు. ప్రపంచ కప్పులో అతను సున్నా చుట్టి ఉంటే మేనెలలో చేసిన పని ఒప్పయిపోయేదా? ఫలితం చూసి నీతి తేల్చడం మొదలెడితే ప్రతి నిర్ణయమూ ఆర్నెల్లు ఆగి తీర్పు తెచ్చుకోవాలి. పైగా మేనేజ్‌మెంట్‌వాళ్ల లెక్క కూడా పిచ్చిదేం కాదు. విదేశీ ఆటగాళ్లు నలుగురికే చోటు. ఆరింటిలో అయిదు ఓడారు. ఏదో ఒకటి కదపాలి. "పేరు చూసి కాదు, ఇవాళ్టి ఆట చూసి ఎంచాలి" అనే వాదనలో న్యాయం లేదని ఎవరనగలరు?

కాబట్టి లెక్కల దగ్గర ఈ గొడవ తేలదు. లెక్క రెండు పక్కలకీ సాయం చేస్తుంది.

లెక్క మాత్రమే సరిపోయే చోటు ఒకటుంది. కొల్లేరు చుట్టుపక్కల చెరువులు. మావైపు రొయ్యల సాగు చేసేవాళ్లని అడిగితే నడి సీజన్ నిర్ణయం అంటే ఏమిటో బాగా చెబుతారు. వనామీ పిల్ల వదిలి రెండు నెలలు కూడా కాలేదు. వంద కౌంట్‌లో ఉంది, అంటే కిలోకి వంద రొయ్యలు. ఇంకొన్నాళ్లు మేపితే యాభై కౌంట్‌కి వస్తుంది, రేటు బావుంటుంది. ఈలోగా పక్క చెరువులో తెల్లమచ్చల వైరస్ వచ్చిందని కబురు. ఇప్పుడే పట్టేస్తే తక్కువ రేటుకి పోతుంది. ఆగితే మొత్తం పోవచ్చు. రైతు రాత్రంతా గట్టు మీద కూర్చుని ఆలోచిస్తాడు. తెల్లారేసరికి ఐసు లారీకి ఫోన్ చేస్తాడు, లేదంటే ఇంకో రెండ్రోజులు చూద్దామనుకుంటాడు. ఎటు తేల్చుకున్నా అతన్ని ఎవరూ కృతఘ్నుడా అనరు.

గూడెం మార్కెట్లో ఉల్లి వ్యాపారి కూడా అంతే. నిన్నటిదాకా లాభం తెచ్చిన సరుకు కదా అని కుళ్లే దాకా ఎవరూ దాచుకోరు.

వార్నర్ గొడవ జరిగిన రోజుల్లోనే, కైకలూరు దగ్గర చెరువులు చేసే మా బాబాయితో ఈ మాటే అన్నాను. టీమ్ ఓనర్ కూడా చెరువు రైతులాంటివాడే కదా బాబాయ్, నష్టం ముదరకముందే పట్టేశాడు, తప్పేముంది అని. ఆయన అన్నాడు: "రొయ్యతో మనకి రుణం ఉండదురా. అది మనకి ఏం చేసిపెట్టిందని? మేపాం, పట్టాం. మనిషి అట్టా కాదు గదా."

రుణం. నేను ఆఫీసు భాషలో వెతుకుతూ దొరకబుచ్చుకోలేకపోయిన మాట ఆయన నోటి నుంచి తేలిగ్గా వచ్చేసింది.

మా ఉద్యోగాల్లో సంక్ కాస్ట్ అని ఒక మాట తరచూ వాడతాం. ఒక ప్రాజెక్టు మీద రెండేళ్లు, బోల్డంత డబ్బు పోశాం. ఇప్పుడది పనికిరాదని తెలిసింది. పోసింది ఎలాగూ తిరిగి రాదు కాబట్టి దాన్ని చూసి ఏడవకుండా, ఇక ముందు ఏది లాభమో అదే చెయ్యాలి అన్నది సూత్రం. మంచి సూత్రమే. సీనియర్లని వదిలించుకునే వాళ్లంతా దీన్నే పట్టుకుంటారు. 2016 గడిచిపోయింది, ఆ 848 పరుగులు ఇవాళ స్కోర్‌బోర్డు మీదకి రావు, గతం సంక్ కాస్ట్ అంటారు.

ఇక్కడ ఒక పొరపాటు ఉంది. సంక్ కాస్ట్ అంటే మనం పెట్టిన ఖర్చు. దాన్ని మర్చిపోయే హక్కు మనకి ఉంది, ఎందుకంటే పోయింది మన డబ్బే. కానీ ఒక సీనియర్ గతం మనం పెట్టిన ఖర్చు కాదు. మనం తీసుకున్న అప్పు. అప్పుని "అయిపోయిన సంగతి" అని కొట్టేసే హక్కు తీసుకున్నవాడికి ఉండదు. ఏలూరు బజార్లో ఎవరి దగ్గరైనా అప్పు తీసుకుని, అది సంక్ కాస్ట్ అండీ అని చెప్పి చూడండి.

దీనికి ఒక జవాబు వెంటనే వస్తుంది. ఏం అప్పు? కోట్లు ఇచ్చారు కదా, చెల్లు. నిజమే, పరుగులకి జీతం ఇచ్చారు. కానీ జీతం కొనేది పనిని. ఆ పని చుట్టూ మనిషి పెట్టే వాటిలో కొన్నిటికి పే స్లిప్పులో గడి ఉండదు. 2021 ఏప్రిల్‌లోనే మనీశ్ పాండేని టీమ్‌లోంచి తప్పిస్తే, అది కఠినమైన నిర్ణయమనీ, అది సెలెక్టర్లదనీ వార్నర్ బాహాటంగా అన్నాడు. టీమ్ ఓడుతున్న రోజుల్లో కెప్టెన్ అలా మాట్లాడటం తెలివైన పనో కాదో వేరే సంగతి. తనతో ఆడినవాడి పక్షాన ఒక మాట అనడం ఏ కాంట్రాక్టులోనూ ఉండదు. కొద్ది రోజులకే అదే కత్తి తన మీదకి వచ్చింది.

సరే, అప్పు ఉందనే అనుకుందాం. ఎలా తీర్చాలి? నాకు కష్టమనిపించే ప్రశ్న ఇదే. ఎందుకంటే సీనియర్‌కి ఉన్న అప్పుని టీమ్‌లో చోటుతో తీరిస్తే, ఆ చోటు ఇంకొకరి జేబులోంచి తీసి ఇస్తున్నట్టు. బెంచీ మీద ఒక కుర్రాడు ఉంటాడు. అతనికి ఇరవై రెండేళ్లు. ఈ సీజన్‌లో రెండు మ్యాచ్‌లు ఆడనిస్తే వచ్చే వేలంలో పేరు పలుకుతుంది, లేకపోతే ఊరెళ్లి రంజీ ట్రయల్స్‌కి తిరగాలి. అతనికి టీమ్ ఏమీ బాకీ లేదా? సీనియర్ మీద మన ప్రేమకి వడ్డీ వాడు ఎందుకు కట్టాలి?

2020లో చెన్నై సూపర్ కింగ్స్ కథ ఇదే. అంతకు రెండేళ్ల ముందు ముసలాళ్ల టీమ్ అని నవ్విన వాళ్ల నోళ్లు మూయించి కప్పు గెలిచిన జట్టు. ఆ ఏడాది వరసగా ఓడిపోతోంది. కుర్రాళ్లని ఎందుకు ఆడించట్లేదంటే, సీనియర్లని పక్కనపెట్టేంత స్పార్క్ వాళ్లలో కనిపించలేదని ధోనీ అన్నాడు. ఆ మాట మీద ఎంత రగడయిందో గుర్తుండే ఉంటుంది. సీనియర్ల మీద విధేయత పక్కకి తిరిగితే జూనియర్ల మీద అవమానం అవుతుందని ఆ ఒక్క మాట చూపించింది. ఆ ఏడాది చెన్నై ఏడో స్థానంలో ఆగింది. మరుసటేడు దాదాపు అదే ముఖాలతో కప్పు గెలిచింది. అందులో మన గుంటూరు అంబటి రాయుడూ ఉన్నాడు, 2019 ప్రపంచ కప్పు జట్టులో చోటు దక్కక ఒకసారి రిటైరయిపోయి మళ్లీ వచ్చినవాడు. ఆ సీజన్‌లో ఆరెంజ్ క్యాప్ మాత్రం రుతురాజ్ గైక్వాడ్‌ది. 2020లో ఎదురు చూసిన కుర్రాళ్లలో ఒకడు. అంటే చెన్నై కథని సీనియర్లవైపు సాక్ష్యంగా ఎంత వాడొచ్చో, కుర్రాళ్లవైపు కూడా అంతే వాడొచ్చు.

కాబట్టి చోటుతో అప్పు తీర్చడం కుదరదు. చోటు ఎవరి సొత్తూ కాదు. మరి దేనితో తీర్చాలి?

అమెరికాలో ఒకాయన దీనికి సగం జవాబు చెప్పాడు. కర్ట్ ఫ్లడ్. సెయింట్ లూయిస్ కార్డినల్స్‌కి 12 సీజన్లు ఆడాడు, రెండు వరల్డ్ సిరీస్‌లు గెలిపించిన జట్టులో ఉన్నాడు. 1969 అక్టోబరులో ఒక ఫోన్ కాల్‌లో అతన్ని ఫిలడెల్ఫియాకి ట్రేడ్ చేసేశామన్నారు. అతను వెళ్లనన్నాడు. ఇన్నేళ్లు ఆడిన తర్వాత నేను కొని అమ్ముకునే ఆస్తిని కాను అనే అర్థం వచ్చేలా బేస్‌బాల్ కమిషనర్‌కి ఉత్తరం రాశాడు. ఒక నల్లజాతి మనిషి ఆ మాట అనడంలో ఉన్న బరువు వేరే చెప్పక్కర్లేదు. కోర్టుకెళ్లాడు. 1970 సీజన్ మొత్తం ఆడకుండా జీతం వదులుకున్నాడు. 1972లో సుప్రీంకోర్టు 5-3 తేడాతో అతనికి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. కెరీర్ అక్కడితో సరి. కానీ ఆ వెంటనే, 1973లో ఆటగాళ్ల సంఘానికీ ఓనర్లకీ కుదిరిన ఒప్పందంలో ఒక నియమం వచ్చింది. పదేళ్లు లీగ్‌లో ఆడి, అందులో చివరి అయిదేళ్లు ఒకే టీమ్‌కి ఆడినవాణ్ణి అతని ఒప్పుకోలు లేకుండా ట్రేడ్ చెయ్యకూడదు. ఇప్పటికీ ఆ నియమం ఉంది.

గమనించాల్సింది ఏమిటంటే, సీనియర్‌కి పదకొండు మందిలో చోటు ఇమ్మని (బేస్‌బాల్‌లో తొమ్మిది మంది అనుకోండి) ఆ నియమం చెప్పదు. అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టొచ్చు. సీజన్ అయ్యాక కాంట్రాక్టు ఆపేయొచ్చు. కానీ అతని గురించి నిర్ణయం జరిగే గదిలో అతనూ ఉండాలి అంటుంది. పదేళ్ల చాకిరీతో అతను సంపాదించుకున్నది గదిలో ఒక కుర్చీ.

వార్నర్ తర్వాత చెప్పుకున్న బాధ కూడా ఇదే. కెప్టెన్సీ ఎందుకు తీసేశారో తనకి సరైన వివరణ ఇవ్వలేదని ఇంటర్వ్యూల్లో అన్నాడు. పక్కన పెట్టినందుకు కాదు, ఎందుకో చెప్పనందుకు.

ఇలా చెప్పడం ఎంత పాత మర్యాదో మహాభారతంలో చూడొచ్చు. కురుక్షేత్రంలో ఎనిమిది రోజులయ్యాయి. భీష్ముడి సేనాధిపత్యంలో కౌరవుల పని సాగట్లేదు. పక్కన కర్ణుడు ఖాళీగా ఉన్నాడు. భీష్ముడు తనని అర్ధరథుడన్నాడని అలిగి, ఆయన ఉన్నంతకాలం బాణం పట్టనని ఒట్టేసుకున్నాడు. నడి సీజన్, ఓటములు, ముసలి కెప్టెన్, బెంచీ మీద స్టార్. దుర్యోధనుడు ఏం చేశాడు? ఆ రాత్రి తనే భీష్ముడి శిబిరానికి వెళ్లాడు. పాండవుల మీద ప్రేమతోనో, నా దురదృష్టం వల్లనో మీరు వాళ్లని చంపట్లేదు, అలాగయితే కర్ణుడికి అనుమతి ఇవ్వండి అని ఎదురుగా నిలబడి అడిగాడు. ముసలాయన మనసు చాలా నొచ్చుకుంది. రేపు నా యుద్ధం చూడు అన్నాడు. తొమ్మిదో రోజు ఆయన యుద్ధానికి పాండవ సేన చెల్లాచెదురయింది. పదో రోజు పడిపోయాడు.

దుర్యోధనుణ్ణి ఎవరూ మంచి మేనేజర్‌గా చెప్పుకోరు. కానీ ఆ రాత్రి అతను కబురు పంపలేదు. తెల్లారి సేనాధిపతి పేరు మార్చి ప్రకటించలేదు. మొహం మీద చెప్పాడు, నొప్పించాడు, జవాబు విన్నాడు. భీష్ముడికి జవాబిచ్చే అవకాశం దొరికింది. తొమ్మిదో రోజు యుద్ధమే ఆ జవాబు.

మన టీమ్ చరిత్రలోనే ఇంకో ఉదాహరణ ఉంది. సన్‌రైజర్స్‌కి ముందు డెక్కన్ చార్జర్స్ ఉండేది. 2008లో కెప్టెన్ వీవీఎస్ లక్ష్మణ్. వేలంలో టీమ్ చేతిలో ఎక్కువ డబ్బు మిగలాలని ఐకాన్ ప్లేయర్ హోదా వదులుకున్నవాడు. ఆ ఏడాది టీమ్ ఆఖరి స్థానం, 14లో రెండే గెలుపులు. మధ్యలో లక్ష్మణ్ గాయంతో తప్పుకుంటే ఆడం గిల్‌క్రిస్ట్ నడిపించాడు. 2009 సీజన్‌కి ముందు కెప్టెన్సీ గిల్‌క్రిస్ట్‌కి ఇచ్చేశారు. దక్షిణాఫ్రికాలో జరిగిన ఆ టోర్నమెంట్ డెక్కన్ చార్జర్స్ గెలిచింది. అదే లక్ష్మణ్ 2021లో సన్‌రైజర్స్‌కి మెంటార్. హైదరాబాద్ మనిషి, అందరికీ ఇష్టమైనవాడు. అతన్ని కెప్టెన్సీ నుంచి తప్పించినప్పుడు కొంచెం బాధపడ్డాంగానీ, వార్నర్ విషయంలో అయినట్టు కడుపు మండలేదు. ఎందుకు?

గెలిచారు కాబట్టి అనొచ్చు. నాకు ఇంకో కారణం కనిపిస్తుంది. అది సీజన్ల మధ్య జరిగింది.

సీజన్ అనేది ఒక మాట ఇచ్చిపుచ్చుకోవడం. మావైపు పొలాల్లో పాలేరుని ఏడాదికి కుదుర్చుకునే పద్ధతి ఉండేది. ఆ పాత రోజులు మంచివని నేననట్లేదు. ఆ ఒప్పందాల్లో బలం ఎవరిదో, కులం ఎవరిదో అందరికీ తెలుసు. అయినా అంత అన్యాయపు ఏర్పాటులో కూడా ఏడాది తిరిగాక వద్దనుకోవడం ఒకటి, నాట్లకీ కోతలకీ మధ్య పొమ్మనడం ఇంకొకటి. ఏడాది చివర వద్దంటే "మాకు కుదరట్లేదు" అని అర్థం. నడుమ పొమ్మంటే ఊళ్లో అడిగే మొదటి ప్రశ్న "ఏం చేశాడంట?"

అదీ తేడా. సీజన్ అయ్యాక సీనియర్‌ని వదిలేస్తే, మేం మారుతున్నాం అని టీమ్ తన గురించి చెప్పుకుంటోంది. ఓటముల నడుమ తీసేస్తే, ఈ ఓటములకి కారణం ఇతనే అని అతని గురించి చెబుతోంది. నోరు విప్పి చెప్పకపోయినా సరే. పదకొండు మంది కలిసి ఓడిన అయిదు మ్యాచ్‌లు ఒక్కడి పేరున రాసేసినట్టవుతుంది. అందుకే నడి సీజన్‌లో కారణం చెప్పాల్సిన బాధ్యత ఇంకా ఎక్కువ. చెప్పని చోట జనం తమకి తోచిన కారణం నింపుకుంటారు. వార్నర్ విషయంలో నింపుకున్నారు కూడా. మేనేజ్‌మెంట్‌తో పడలేదంట, ఇంకేదో జరిగిందంట అని నెలల తరబడి పుకార్లు. సెప్టెంబరులో యూఏఈలో సీజన్ మళ్లీ మొదలయ్యాక రెండు మ్యాచ్‌లు ఆడించారు. 0, 2. మళ్లీ తీసేశారు. అతని చోటులో వచ్చిన జేసన్ రాయ్ మొదటి మ్యాచ్‌లోనే 60 కొట్టి గెలిపించాడు. అప్పుడు కూడా నిర్ణయం ఆటపరంగా తప్పు కాదు. కానీ ఒక మ్యాచ్‌లో వార్నర్ డగౌట్‌లో కాకుండా స్టాండ్స్‌లో ప్రేక్షకుడిలా జెండా ఊపుతూ కనిపించాడు. అది చూసిన ఎవరికీ స్కోర్‌కార్డు గుర్తు రాలేదు. ఆ ఏడాది టీమ్ మూడే మ్యాచ్‌లు గెలిచి అట్టడుగున మిగిలింది.

బెర్నార్డ్ విలియమ్స్ అనే బ్రిటిష్ తత్వవేత్త 1976లో రాసిన ఒక వ్యాసంలో ఒక లారీ డ్రైవర్ ఉదాహరణ ఇస్తాడు. డ్రైవర్ తప్పేమీ లేదు. జాగ్రత్తగానే నడుపుతున్నాడు. హఠాత్తుగా ఒక పిల్లవాడు అడ్డం వచ్చి లారీ కింద పడ్డాడు. చుట్టూ ఉన్నవాళ్లు నీ తప్పు కాదయ్యా అంటారు, అనాలి కూడా. కానీ ఆ డ్రైవర్ వెంటనే "అవును, నా తప్పు కాదు" అని దులుపుకుని వెళ్లిపోతే మనకి ఏదో ఇబ్బందిగా ఉంటుంది. చూసినవాడి బాధ వేరు, తన చేతిలో జరిగినవాడి బాధ వేరు అంటాడు విలియమ్స్. తప్పు లేకపోయినా చేతికి అంటుకునేది ఒకటి ఉంటుంది.

సీనియర్‌ని తప్పించడం ప్రమాదం కాదు, తెలిసి తీసుకునే నిర్ణయం. అయినా ఈ ఉదాహరణ నాకు పనికొస్తుంది. సరైన నిర్ణయం తీసుకున్నాం కాబట్టి ఇక ఏ బాకీ లేదు అనుకోవడమే మేనేజర్లు ఎక్కువగా చేసే తప్పు అనిపిస్తుంది. నిర్ణయం ఒప్పయినా బాకీ మిగిలే ఉంటుంది. నిజానికి ఒప్పయినప్పుడే ఇంకా జాగ్రత్తగా తీర్చాలి, ఎందుకంటే అప్పుడు మన మనసు మనల్ని పొడవదు.

ఆ బాకీ పెద్దదేం కాదు. ఒక కుర్చీ, ఒక గంట, నిజమైన కారణం, ఎదుటివాడి జవాబు వినే ఓపిక. డబ్బు ఖర్చు లేని పని. అయినా ఎవరూ ఎందుకు చెయ్యరంటే, ఎదురుగా కూర్చుంటే అతను మనిషిగా కనిపిస్తాడు కాబట్టి. స్ప్రెడ్‌షీట్‌లో వరసగా కనిపించినంత సేపూ పని సులువు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో లేఆఫ్‌లు చూసినవాళ్లకి ఇది కొత్త సంగతి కాదు. పొద్దున్నే లాగిన్ అవ్వకపోతే పాస్‌వర్డ్ మర్చిపోయానేమో అనుకుని రెండుసార్లు కొట్టి చూసినవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. వాళ్లలో చాలామందిని ఇప్పుడు అడిగినా, ఉద్యోగం పోయినందుకంటే ఆ పోయిన తీరుకే ఎక్కువ బాధపడతారు.

2022 వేలంలో ఢిల్లీ క్యాపిటల్స్ వార్నర్‌ని 6.25 కోట్లకి కొనుక్కుంది. మే 5న ముంబైలో పాత టీమ్ మీద 58 బంతుల్లో 92 నాటౌట్. ఢిల్లీ 21 పరుగులతో గెలిచింది. ఆ రాత్రి సన్‌రైజర్స్ అభిమానులు చాలామంది, నాతో సహా, తమ టీమ్ ఓడుతున్నా చప్పట్లు కొట్టారు. చూశారా అన్నట్టు. నాకిప్పుడు అనిపిస్తుంది, ఆ 92 దేన్నీ తేల్చలేదని. అతను మొదటి బంతికే అవుటైనా 2021 బాకీ అంతే ఉండేది. అప్పు ఇచ్చినవాడు తర్వాత లక్షాధికారి అయ్యాడా, చితికిపోయాడా అన్నదాన్ని బట్టి అప్పు మారదు కదా.

రెండేళ్లుగా నేనూ ఒక చిన్న టీమ్‌కి లీడ్‌ని. ఆరుగురం. ఏటా రేటింగులు ఇవ్వాలి, ఎవరో ఒకరిని అడుగున పెట్టాలి. ఈసారి ఆ అడుగు పేరు మా అందరికంటే సీనియర్‌ది అయ్యేలా ఉంది. నాకు కోడ్ రివ్యూ అంటే ఏమిటో నేర్పిన మనిషి. ఆయన్ని ఆ వరసలోంచి తప్పించడానికి నాకు దారి దొరకలేదు, ఎందుకంటే ఆయన పైకి వెళ్తే కిందకి రావాల్సింది నిజంగా బాగా పనిచేసిన ఇరవై నాలుగేళ్ల అమ్మాయి. అది నేను చెయ్యను. కానీ సిస్టమ్ నుంచి ఆయనకి మెయిల్ వెళ్లేలోగా, నేనే వెళ్లి ఆయన ఎదురుగా కూర్చుంటాను. ఏం చెప్పాలో కాగితం మీద రాసుకున్నాను. ఆయన ఏమంటారో వినడానికి మధ్యాహ్నం మొత్తం ఖాళీ పెట్టుకున్నాను.